ఎన్‌డీఏ ఎంపికలో ఆటలు ఎక్కడ అక్కరకొస్తాయి?

పిల్లలు ఆటల్లో రాణిస్తూ, వాళ్ల మనసు నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) యూనిఫాం మీద ఉందని తెలిశాక తల్లిదండ్రులు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. “మావాడు కబడ్డీలో స్టేట్ ఆడాడండీ. సర్టిఫికెట్ కూడా ఉంది. ఎన్‌డీఏలో దానికి ఎన్ని మార్కులు కలుపుతారు?” ఒక్కటి కూడా కలపరు. స్టేట్ ఏమిటి, నేషనల్స్ ఆడినా కలపరు.

ఈ జవాబు వినగానే చాలామంది నీరుగారిపోతారు. వాళ్లు అలా ఆశపడటానికి కారణాలున్నాయి. మన ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో క్రీడా కోటా ఉంది. రైల్వేలు క్రీడాకారులను విడిగా నియమించుకుంటాయి. సైన్యమంటేనే ఒంటి సత్తువ కదా, అక్కడ ఇంకెంత విలువ ఉండాలి అనుకుంటారు. సిపాయి ఉద్యోగాల విషయంలో ఈ లెక్క కొంతవరకు నిజమే, ఆ సంగతి తర్వాత చూద్దాం. అధికారులను తయారుచేసే అకాడమీల దగ్గర మాత్రం ఇది చెల్లదు.

ఎన్‌డీఏ మార్కుల పద్ధతి చూస్తే విషయం తేలిపోతుంది. యూపీఎస్సీ ఏటా రెండుసార్లు, సాధారణంగా ఏప్రిల్‌లోనూ సెప్టెంబరులోనూ రాత పరీక్ష పెడుతుంది. గణితానికి 300, జనరల్ ఎబిలిటీకి 600, కలిపి 900 మార్కులు. అందులో గట్టెక్కినవాళ్లు సర్వీసెస్ సెలక్షన్ బోర్డు ముందుకు వెళ్తారు. ఎస్‌ఎస్‌బీ అని మనం పిలిచే ఆ ఐదు రోజుల పరీక్షకు మరో 900. ఈ 1800లో క్రీడల పేరుతో ఒక్క పద్దు కూడా లేదు. కులాల వారీ రిజర్వేషన్లు లేవు, క్రీడా కోటా లేదు. ప్రతిసారీ ఉండే సుమారు 400 సీట్లకు అందరూ ఒకే వరుసలో నిలబడాల్సిందే.

అయితే సగం మార్కులు ఎస్‌ఎస్‌బీ చేతిలో ఉన్నాయన్నది గుర్తుపెట్టుకోండి. ఆట ఆడి పెరిగిన పిల్లలకూ, ఆడకుండా పెరిగిన పిల్లలకూ తేడా బయటపడేది అక్కడే.

సర్టిఫికెట్‌ను నమ్మని పద్ధతి

బాగా ఆడితే చాలు, సైన్యంలో హోదా దక్కిన రోజులు కూడా ఉన్నాయి. 1932లో లార్డ్స్‌లో మన తొలి టెస్టు జట్టును నడిపించిన తెలుగువాడు సి.కె. నాయుడిని ఇండోర్ హోల్కర్ మహారాజు 1923లో పిలిపించుకుని తన సైన్యంలో కెప్టెన్‌ను చేశాడు. తర్వాత కర్నల్ కూడా అయ్యాడు. అందుకే పాతతరం ఆయన్ని కర్నల్ నాయుడనే పిలిచేది. అది సంస్థానాల కాలం, రాజుగారి ఇష్టం.

బ్రిటిష్ సైన్యంలోనూ రెండో ప్రపంచ యుద్ధం మొదట్లో ఎంపికంటే ఒక చిన్న ఇంటర్వ్యూయే. ఏ స్కూల్లో చదివావు, ఏ ఆట ఆడతావు, నాన్న ఏం చేస్తాడు వంటి ప్రశ్నలతో మనిషిని తూచేవారు. అలా ఎంపికైన వాళ్లలో చాలామంది శిక్షణలో నిలబడలేకపోయేసరికి, 1942లో మానసిక పరీక్షలు, మైదానంలో జట్టు పనులతో కొత్త బోర్డులు పెట్టారు. మరుసటి ఏడాది ఆ నమూనా డెహ్రాడూన్‌కు వచ్చింది. ఇప్పటి మన ఎస్‌ఎస్‌బీకి మూలం అదే. మనిషి తెచ్చుకున్న కాగితాల మీద, చదివిన బడి పేరు మీద ఉన్న అపనమ్మకంలోంచే ఈ పద్ధతి పుట్టింది. అలాంటి బోర్డు ముందు సర్టిఫికెట్ల ఫైలు పెట్టి మార్కులు వేస్తారనుకోవడం అమాయకత్వం. బోర్డు చూసేది ఆట మీలో ఏం మిగిల్చిందన్నది.

పీఐక్యూలో ఒక గడి

ఎస్‌ఎస్‌బీలో మొదట్లోనే మీ చేత ఒక ఫారం నింపిస్తారు. పర్సనల్ ఇన్ఫర్మేషన్ క్వశ్చనేర్, అందరూ పీఐక్యూ అంటారు. ఇంటి వివరాలు, చదువు, ఎన్‌సీసీ, హాబీలు, నిర్వహించిన బాధ్యతలతోపాటు ఆడిన ఆటలకూ అందులో చోటుంది. ఏ ఆట, ఎంతకాలం, ఏ స్థాయి, చెప్పుకోదగ్గ విజయం ఏమైనా ఉందా అని రాయాలి. మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసే అధికారి ఈ ఫారాన్ని ముందే చదువుకుని వస్తాడు.

కోచింగ్ సెంటర్ల వల్ల ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే అనిపిస్తుంది నాకు. గడి ఖాళీగా ఉంటే బాగోదని “క్రికెట్, బ్యాడ్మింటన్, ఫుట్‌బాల్” అని మూడు పేర్లు రాయిస్తారు. అధికారికి అంతకంటే ఏం కావాలి? ఫుట్‌బాల్‌లో మీది ఏ స్థానం? చివరిసారి ఎప్పుడు ఆడారు? ఎవరితో? ఆఫ్‌సైడ్ అంటే ఏమిటి? మీ జట్టులో బలహీనమైన ఆటగాడెవరు, అతనికి మీరేం సాయం చేశారు? ఓడిపోయిన మ్యాచ్ గురించి చెప్పండి. ఇలా పది ప్రశ్నలు ఒకే ఊపులో అడిగి, వరుసగా జవాబు చెప్పమనడం అక్కడ మామూలే. టీవీలో చూసిన ఆటకూ, కాళ్లు గీరుకుపోయేలా ఆడిన ఆటకూ తేడా రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. అబద్ధం దొరికితే పోయేది ఆ ఒక్క గడే కాదు, మిగతా ఫారం మీద కూడా నమ్మకం పోతుంది.

నిజంగా ఆడినవాళ్లు కూడా తడబడే చోటు ఒకటుంది. ఆడతారు గానీ ఆట గురించి చదవరు. కబడ్డీ జిల్లా జట్టులో ఉన్న కుర్రాడు కోర్టు కొలత చెప్పలేకపోతే ఎదుటివాడికి ఏమనిపిస్తుంది? పురుషుల కోర్టు 13 మీటర్లు, 10 మీటర్లు. కూతకు 30 సెకన్లు. బరిలో ఏడుగురు. వాలీబాల్ కోర్టు 18, 9 మీటర్లు. నెట్ ఎత్తు మగవాళ్లకు 2.43, ఆడవాళ్లకు 2.24 మీటర్లు. మీ ఆటకు సంబంధించి ఇవి నోటికి రావాలి. ఈ మధ్య జరిగిన పెద్ద టోర్నీల్లో ఎవరు గెలిచారో, మన దేశం ఎలా ఆడిందో కూడా తెలిసుండాలి. పెద్ద కష్టమేమీ కాదు. ఇష్టంగా ఆడేవాళ్లకు ఎలాగూ తెలిసే విషయాలే.

ఇద్దరు అభ్యర్థులను ఊహించుకోండి. ఒకరి దగ్గర మంచి ప్రైవేటు స్కూలు, ఖరీదైన కోచింగ్, రాష్ట్రస్థాయి టెన్నిస్ పతకం ఉన్నాయి. ఇంకొకరు ఎప్పుడూ మండల స్థాయి దాటలేదు. కానీ సంక్రాంతికి ఊళ్లో వాలీబాల్ టోర్నమెంటు పెట్టాడు. చందాలు పోగుచేసి, చుట్టుపక్కల ఊళ్ల జట్లను పిలిచి, డ్రా వేసి, అంపైర్‌ను ఒప్పించి తీసుకొచ్చాడు. లైన్ మీద పడిన బంతి దగ్గర రెండు ఊళ్లు కొట్టుకోబోతే మధ్యలో నిలబడ్డాడు. ఆఖరున లెక్కలు రాసి పెద్దమనుషులకు అప్పజెప్పాడు. పతకం ఉన్న అభ్యర్థి తన సాధన గురించి, ఓటముల గురించి ఆలోచనగా మాట్లాడగలిగితే అతనికీ మంచి అవకాశమే ఉంటుంది. “గెలిచాను” అన్న దగ్గరే మాట ఆగిపోతే మాత్రం ఇంటర్వ్యూలో రెండోవాడి దగ్గరే చెప్పుకోవడానికి ఎక్కువ సరుకుంటుంది. బోర్డు వెతికే 15 అధికారి లక్షణాల్లో నిర్వహణ సామర్థ్యం, బాధ్యత, చొరవ, సహకారం, జట్టును తన వైపు తిప్పుకోగలగడం ఉన్నాయి. ఊరి టోర్నమెంటు ఒక్కటే వీటిలో సగానికి పైగా చూపించేస్తుంది.

ఆ జాబితాలో ఒంటికి నేరుగా సంబంధించిన లక్షణం దాదాపు ఒక్కటే, స్టామినా. మిగతావన్నీ బుర్రకూ మనసుకూ సంబంధించినవి.

మైదానంలో రెండు రోజులు

ఎస్‌ఎస్‌బీ మధ్యలో రెండు రోజులు గ్రూప్ టెస్టింగ్ ఆఫీసర్ చేతిలో ఉంటాయి. ఎనిమిది, పది మందిని ఒక జట్టుగా చేసి, పలక, దుంగ, తాడు, ఒక బరువు ఇచ్చి, నేల తాకకుండా అవతలికి చేరమంటారు. ఎరుపు రంగు వేసిన చోటును ఎవరూ తాకకూడదు. నాయకుడిని ఎవరూ నియమించరు. ఇక్కడ కండలు పెంచిన పెద్దమనిషి దుంగను ఒక్కడే ఎత్తి పడేస్తుంటే, పక్కన సన్నగా ఉన్న అమ్మాయి “ముందు తాడు కట్టండి, లేకపోతే వెనకవాళ్లు ఆగిపోతారు” అని చెప్పి పని నడిపిస్తుంది. ఎవరు నచ్చుతారో వేరే చెప్పక్కర్లేదు. జట్టు ఆట ఆడి పెరిగిన పిల్లలకు ఈ సర్దుబాటు అలవాటైన పనే. పాస్ ఎప్పుడివ్వాలి, ఎప్పుడు తగ్గాలి, అరవకుండా పక్కవాడికి ఎలా చెప్పాలి అన్నవి ఆటలోనే వస్తాయి. చదరంగం, షూటింగ్, పరుగు వంటి ఒంటరి ఆటలు ఆడే పిల్లలు ఇక్కడ కొంచెం ఇబ్బంది పడటం ఉంది. కనుక వాటితోపాటు ఏదో ఒక జట్టు ఆట కూడా ఆడుతూ ఉండమని నా సలహా.

పాము పందెం అని ఒకటుంది. బరువైన గుడ్డ పామును అందరూ మోస్తూ, ఒక నినాదం అరుస్తూ అడ్డంకులు దాటాలి. రెండు మూడు జట్లు ఒకేసారి పోటీ పడతాయి. అప్పటివరకు ఇంగ్లీషులో ఆచితూచి మాట్లాడినవాళ్ల అసలు రంగు అక్కడ బయటపడుతుంది. గెలుపు కోసం నిబంధన తప్పేదెవరు, వెనకబడినవాడికి చెయ్యందించేదెవరు, ఓడిపోతున్నామని తెలిశాక ఊపు తగ్గించేదెవరు అన్నది అధికారి దూరం నుంచి రాసుకుంటూనే ఉంటాడు.

ఇక ఒక్కొక్కరుగా చేయాల్సిన పది అడ్డంకులు. మూడు నిమిషాల సమయం. ఒకటి నుంచి పది వరకు పాయింట్లు, మొత్తం 55. టార్జాన్ స్వింగ్, బర్మా బ్రిడ్జి, టైగర్ లీప్ వంటి పేర్లు వినగానే భయపడతారు గానీ, వేప చెట్టెక్కి ఊగిన పిల్లలకు ఇవి కొత్తేమీ కావు. అన్నీ చేయకపోతే పోతుందన్న భయమూ అక్కర్లేదు. దేన్ని ముందు చేయాలి, దేన్ని వదలాలి, రెండోసారి తప్పినా మళ్లీ ప్రయత్నించాలా అన్న నిర్ణయాన్నీ చూస్తారు.

ఇంటర్ రెండేళ్లు

మన రెండు రాష్ట్రాల విద్యార్థులకు అసలు అడ్డంకి వేరే ఉంది. ఎన్‌డీఏకు వయసు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్లు. సరిగ్గా ఇంటర్మీడియెట్, దాని తర్వాతి ఏడాది. మన పిల్లలు ఆటలకు పూర్తిగా దూరమయ్యేదీ ఆ వయసులోనే. పదో తరగతి వరకు స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ (ఎస్‌జీఎఫ్) పోటీల్లో జిల్లాకు ఆడిన పిల్లల్ని తీసుకెళ్లి, మైదానమే లేని అపార్ట్‌మెంటు కాలేజీలో వేస్తాం. తెల్లవారుజాము స్టడీ అవరుతో మొదలై రాత్రి స్టడీ అవరుతో రోజు ముగుస్తుంది. పీఐక్యూలో చివరి రెండేళ్ల దగ్గర ఏమీ రాయలేరు. గణితం రోజూ చేయడం వల్ల రాత పరీక్షలో మనవాళ్లకు ఇబ్బంది ఉండదు. కానీ ఎస్‌ఎస్‌బీలో “ఆట ఎందుకు మానేశారు?” అన్న ప్రశ్నకు “కాలేజీలో గ్రౌండ్ లేదండీ” తప్ప వేరే జవాబు ఉండదు.

ఆ జవాబు తప్పు కాదు, చాలదు. కాలేజీలో గ్రౌండ్ లేకపోతే ఏం చేశారన్నది తర్వాతి ప్రశ్న. ఆదివారం సెలవుకు ఇంటికొచ్చినప్పుడు ప్రభుత్వ పాఠశాల మైదానంలో పరిగెత్తానని, హాస్టల్ మేడ మీద నలుగురిని పోగేసి పొద్దున్నే వ్యాయామం మొదలుపెట్టానని, వార్డెన్‌ను అడిగి వారానికి ఒక గంట షటిల్ ఆడేలా ఒప్పించానని చెప్పగలిగితే, పతకం లేకపోయినా మాటకు బరువొస్తుంది. నిజంగా చేస్తేనే చెప్పాలి.

ఎన్‌డీఏ లక్ష్యమని పదో తరగతిలోనే నిర్ణయించుకుంటే కాలేజీని ఎంచుకునేటప్పుడు ర్యాంకుల ఫ్లెక్సీతోపాటు మైదానమూ చూడండి. అంతకంటే ముందే నిర్ణయించుకున్నవాళ్లకైతే విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూలు, చిత్తూరు వైపు కలికిరి సైనిక్ స్కూలు ఈ దారికే పుట్టినవి. వాటి ప్రవేశ పరీక్ష రాత పరీక్షే, ఆటలు చూసి చేర్చుకోరు. చేరాక మాత్రం సాయంత్రం ఆట తప్పదు. హకీంపేట, కడప స్పోర్ట్స్ స్కూళ్లలో చదివే పిల్లలకు దీనికి తలకిందుల సమస్య. ఆట పుష్కలంగా ఉంటుంది, గణితం, ఇంగ్లీషు వెనకబడతాయి. రాత పరీక్ష దాటకుండా ఎస్‌ఎస్‌బీ గుమ్మం ఎక్కలేరు కాబట్టి వాళ్లు తొమ్మిదో తరగతి నుంచే లెక్కల మీద కూర్చోవాలి.

అమ్మాయిల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 2021లో సుప్రీంకోర్టు జోక్యంతో ఎన్‌డీఏ తలుపులు వాళ్లకు తెరుచుకున్నాయి. 2022లో చేరిన తొలి బ్యాచ్ నుంచి 17 మంది 2025 మే నెలలో శిక్షణ ముగించుకుని బయటికొచ్చారు. మన ఇళ్లలో ఎనిమిదో తరగతి దాటగానే ఆడపిల్లను గ్రౌండ్ నుంచి వెనక్కి పిలిచే అలవాటు ఇంకా పోలేదు. ఖోఖోలోనో కబడ్డీలోనో ఉన్న అమ్మాయి ఇంటర్‌లో కూడా ఆడుతూనే ఉండేలా చూడటం, కోచింగ్ ఫీజు కట్టడం కంటే ముందు చేయాల్సిన పని.

ఆటనే నమ్ముకున్నవాళ్లకు

పతకాలకే విలువ దక్కే దారులు సైన్యంలో వేరే ఉన్నాయి. అవి అధికారి దారులు కావు. ప్రతిభ ఉన్న క్రీడాకారులను హవల్దారుగా, నాయబ్ సుబేదారుగా నేరుగా తీసుకునే పద్ధతి ఉంది. నీరజ్ చోప్రా 2016లో నాయబ్ సుబేదారుగా చేరింది అలాగే. అగ్నివీర్ ఎంపికలోనూ క్రీడా ధ్రువపత్రాలకు, ఎన్‌సీసీ సర్టిఫికెట్లకు బోనస్ మార్కులున్నాయి. చిన్న వయసులోనే ప్రతిభ కనిపిస్తే బాయ్స్ స్పోర్ట్స్ కంపెనీలు తీసుకుని చదువు చెప్పిస్తూ శిక్షణ ఇస్తాయి. మిల్ఖాసింగ్‌ది ఇంకో కథ. మూడుసార్లు తిరస్కరించాక నాలుగోసారి సైన్యంలోకి తీసుకున్నారు. పరుగు ఆయనకు పరిచయమైంది ఆ తర్వాతే, మన సికింద్రాబాద్ ఈఎంఈ సెంటర్‌లో, కొత్త జవాన్లందరికీ పెట్టిన క్రాస్ కంట్రీ పందెంలో.

డిగ్రీలో ఉన్నవాళ్లు ఎన్‌సీసీని చిన్నచూపు చూడొద్దు. ‘సి’ సర్టిఫికెట్‌లో కనీసం ‘బి’ గ్రేడు, డిగ్రీలో 50 శాతం మార్కులు ఉంటే, రాత పరీక్ష లేకుండా నేరుగా ఎస్‌ఎస్‌బీకి పిలిచే స్పెషల్ ఎంట్రీ ఉంది. శిక్షణ ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ (ఓటీఏ)లో. ఏ క్రీడా పతకానికీ లేని వెసులుబాటు అది.

అమెరికాలో పుట్టి అక్కడి పౌరులైన తెలుగు పిల్లలు అక్కడి సైనిక అకాడమీ వెస్ట్ పాయింట్ గురించి అడుగుతుంటారు. అక్కడి పద్ధతి వేరు. హైస్కూలు జట్టులో ఆడటం, కెప్టెన్సీ వంటివి అభ్యర్థి స్కోరులోకే వస్తాయి. దానికితోడు బాస్కెట్‌బాల్ విసరడం, పులప్స్, షటిల్ రన్, క్రంచెస్, పుషప్స్, మైలు పరుగులతో విడిగా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. కాంగ్రెస్ సభ్యుడి వంటివారి నామినేషన్ కూడా కావాలి. అక్కడి సలహా ఇక్కడికీ, ఇక్కడి సలహా అక్కడికీ పనికిరాదు.

గాయాలు, మెడికల్ బోర్డు

ఆటల వల్ల లాభమే కాదు, నష్టం జరిగే చోటు కూడా ఒకటుంది. ఎస్‌ఎస్‌బీ ఎంపిక చేసినవాళ్లను మెడికల్ బోర్డు పరీక్షిస్తుంది. కబడ్డీలో మళ్లీ మళ్లీ జారే భుజం, సరిగా అతకని ఎముక, లోపల వేసి ఉంచిన రాడ్డు, మోకాలి లిగమెంటు గాయం అక్కడ అడ్డం పడతాయి. ఊళ్లో కట్టు కట్టించుకుని మరిచిపోయిన దెబ్బలే ఎక్కువగా ఇబ్బంది పెడతాయి. రాత పరీక్ష ఫలితాల దాకా ఆగకుండా, దరఖాస్తు చేసే నాటికే ఒక ఎముకల డాక్టరుకు చూపించుకుని, నోటిఫికేషన్‌లోని వైద్య ప్రమాణాలు ఆయన ముందు పెట్టి అడగండి. చదునుపాదాలు, మోకాళ్లు తగలడం వంటివి కూడా అప్పుడే తెలుస్తాయి. దాచడం వల్ల ఒరిగేదేమీ లేదు. బోర్డు తిరస్కరిస్తే అప్పీలుకు దారి ఉంది.

ఎంపికైన అభ్యర్థులు చేరే ముందు ఏం చేసి రావాలో యూపీఎస్సీ నోటిఫికేషన్ వెనక పేజీల్లోనే ఉంటుంది. ఎవరూ అంతదాకా చదవరు. 2.4 కిలోమీటర్లు 15 నిమిషాల్లో పరుగు, స్కిప్పింగ్, పుషప్స్, సిటప్స్ కనీసం ఇరవై చొప్పున, ఎనిమిది చినప్స్, మూడు నాలుగు మీటర్ల తాడు ఎక్కడం. ఎన్‌డీఏ ఉన్న ఖడక్‌వాస్లాలో అడుగుపెట్టాక మొదటి టర్మ్‌లోనే ఎదురయ్యే పరుగుల ముందు ఇది తేలికే. ఈత రాని పిల్లలు అక్కడ నేర్చుకోవాల్సిందే. మన జిల్లాల నుంచి వెళ్లేవాళ్లలో చాలామందికి రాదు. కాలువగట్టు దగ్గరున్నవాళ్లు తోడుగా పెద్దవాళ్లను పెట్టుకుని, పట్నంలో ఉన్నవాళ్లు మున్సిపల్ స్విమ్మింగ్ పూల్లో, వేసవి సెలవుల్లోనే నేర్చుకుని వెళ్తే ఒక తలనొప్పి తగ్గుతుంది.